మద్రాసులో ఒంటరి నడక: ఒక హక్కు పుట్టుక

బొమ్మిడిలో రైలెక్కి జోలార్‌పేట, కాట్పాడి మీదుగా మద్రాసు సెంట్రల్‌లో దిగేవాళ్లకు ఆ పట్నం కొత్త కాదు. ధర్మపురి జిల్లా కడత్తూరు వైపు ఊళ్లలోని తెలుగువాళ్లకు సేలం దాటితే పెద్ద పట్నమంటే అదే. హైకోర్టులో వ్యాజ్యమున్నా, పెద్దాసుపత్రిలో చూపించుకోవాలన్నా, పిల్లల చదువైనా, కొలువైనా అక్కడికే పోతారు. అలా తెలిసిన ఊళ్లో పనులన్నీ ముగిశాక ఒకపూట తోడెవరూ లేకుండా, ఫలానా చోటికని అనుకోకుండా, కాళ్లు ఎటు తీసుకుపోతే అటు తిరగడం అన్నిటికంటే చవకైన సరదా. టిక్కెట్టు కొననక్కర్లేదు, అనుమతి అడగనక్కర్లేదు, ఎందుకొచ్చావంటే జవాబు చెప్పనక్కర్లేదు. ఇంత మామూలు పనికి ఒక చరిత్ర ఉంటుందని ఎవరికీ తోచదు. కానీ ఉంది, అదీ చిన్నది కాదు. ఒంటరిగా, పని లేకుండా, ఏ వీధిలోనైనా నడవగలగడం మద్రాసు పుట్టుకతో వచ్చిన సౌకర్యం కాదన్నది ఈ వ్యాసంలో నేను చేయబోయే వాదన. ఆ పట్నం తన తొలి కాలమంతా ఎవరు ఎక్కడ ఎలా నడవాలో రాసుకుంటూ, రాళ్లు పాతుకుంటూ పెరిగింది. ఆ రాతలను చెరపడానికి ఇరవయ్యో శతాబ్దంలో మనుషులు వీధుల్లోకి వచ్చి నిలబడవలసి వచ్చింది. అందుకు సాక్ష్యం సెంట్రల్ నుంచి పారిస్ కార్నర్ దాకా ఉన్న సుమారు రెండు కిలోమీటర్ల దారిలోనే చాలావరకు దొరుకుతుంది.

1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడి నుంచి ఇంగ్లీషు కంపెనీ సముద్రపుటొడ్డున కొంత నేల పొంది, మరుసటేడు కోట కట్టడం మొదలుపెట్టింది. కోటలోని తెల్లవాళ్ల పేటకు ఒక గోడ, దానికి ఉత్తరాన నేతగాళ్లు, వర్తకులు, దుబాసీలు, కూలీలు ఉండే నల్లవాళ్ల పేట. ఊరు ఇలా రెండు ముక్కలుగానే పుట్టింది. కోట తలుపులు రాత్రి మూసేవారు. బయటి పేటల కావలి బాధ్యత పెద్దనాయకుడనే తెలుగు పాళెగాడిది. అతని మనుషులు వీధులు కాసేవారు. దొంగతనం జరిగితే పోయిన సొమ్ము అతను భర్తీ చేయాలి. ప్రతిఫలంగా కొన్ని పొలాలు, ఊళ్లోకి వచ్చే సరుకుల మీద చిన్న చిన్న సుంకాలు అతనికి దక్కేవి. పెద్దనాయకన్‌పేట అనే పేరులో ఆ కొలువు ఇప్పటికీ నిలిచి ఉంది. ఇక్కడ గమనించవలసింది ఆ కావలికి ఆధారమైన లెక్క. సొమ్ము పోతే తన చేతి డబ్బు కట్టవలసినవాడికి ఊరూ పేరూ తెలియని మనిషి చీకటిపడ్డాక వీధిలో కనిపిస్తే అనుమానం రాకుండా ఎలా ఉంటుంది? అలాంటి ఏర్పాటులో తెలిసినవాడికి రక్షణ, తెలియనివాడికి ప్రశ్న. కారణం లేకుండా తిరిగేవాడికి అందులో చోటు లేదు.

రాత్రి సంగతి అలా ఉంచితే పగటి వీధులూ అందరివీ కావు. కుడిచేతి కులాలు, ఎడమచేతి కులాలు అనే పాత చీలిక దక్షిణాది ఊళ్లన్నిటా ఉన్నదే అయినా మద్రాసులో అది పట్నపు పటంలోకే ఎక్కింది. 1652 నాటికే ఈ రెండు పక్షాల తగవు ముదిరి, ఎవరికి ఏ వీధులో పంచవలసి వచ్చింది. 1707లో మళ్లీ రాజుకుంది. ఒకవైపు కోమట్లు, మరోవైపు బేరి శెట్లు ముందుండి నడిపిన ఆ గొడవకు నిప్పు పెట్టింది పెళ్లి ఊరేగింపు. ఒక పక్షం వాళ్లు రెండో పక్షం వీధిగుండా మేళతాళాలతో పోవచ్చా అన్నదే ప్రశ్న. గవర్నరు థామస్ పిట్ రెండు పక్షాల పెద్దలను కూర్చోబెట్టాడు. కుడిచేతివారికి పెద్దనాయకన్‌పేట, ఎడమచేతివారికి ముత్యాలపేట అని విడదీశాడు. హద్దులు తెలిసేలా రాళ్లు పాతించాడు. అలిగిన కుడిచేతివారు ఊరు విడిచి శాంథోమ్‌కు వెళ్లిపోతే పనులు స్తంభించి కంపెనీయే బతిమాలి వెనక్కి తెచ్చుకోవలసి వచ్చింది. గొడుగు ఎవరు పట్టించుకోవచ్చు, పల్లకీ ఎవరు ఎక్కవచ్చు, ఏ రంగు జెండా ఎత్తవచ్చు అన్నవీ ఇలాంటి తగవుల్లో విషయాలే. తర్వాతి నూరేళ్లలోనూ ఈ పోరు మళ్లీ మళ్లీ లేచింది. వీధి అంటే ఇటునుంచి అటు పోయే దారి మాత్రమే అనుకునే మనకు, వీధి అంటే ఒక గుంపు పరువు అనుకున్న ఆ కాలం అర్థం కావాలంటే ఆ రాళ్లను గుర్తుపెట్టుకోవాలి.

యుద్ధాలు ఇంకో రకం గీతలు గీశాయి. 1746లో ఫ్రెంచివాళ్లు మద్రాసును పట్టుకుని 1749 దాకా ఏలారు. కోటకు ఆనుకుని ఇళ్లుంటే శత్రువు వాటి చాటున చేరుతాడని అప్పుడు తేలింది. ఫ్రెంచివాళ్లు కొంత, తిరిగివచ్చిన ఇంగ్లీషువాళ్లు మిగతాది కూల్చి, ఫిరంగి గుండుకు అడ్డులేని ఖాళీ మైదానం చేశారు. నేటి హైకోర్టు ఉన్నది ఆ పాత పేట నేల మీదనే. అక్కడి నుంచి తొలగించిన గుడికి బదులుగా దేవరాజ ముదలి వీధిలో చెన్నకేశవ, చెన్నమల్లేశ్వర ఆలయాల జంట వెలిసింది. ఇక్కడినుంచి ఇటు ఇల్లు కట్టరాదని 1773లో నిలిపిన స్తంభాల్లో ఒకటి ఇప్పటికీ పారిస్ కార్నర్ దగ్గర ఉంది. 1767లో మైసూరు గుర్రపు దళం పట్నం అంచుల్లోని తోటలను దోచి పోవడంతో నల్లవాళ్ల పేట చుట్టూ కూడా గోడ లేచింది. సెంట్రల్ ముందుకు వచ్చి ఎడమకు తిరిగితే తగిలే వాల్‌టాక్స్ రోడ్డు పేరు ఆ గోడ ఖర్చుకు జనం మీద వేయదలచిన పన్నుది. కడత్తూరు నుంచి వచ్చేవాడికి ఈ పేరు పరాయిది కాకూడదు. ఆ గోడకు కారణమైన హైదరలీ, అతని తర్వాత టిప్పు, 1792 దాకా ఏలిన సీమల్లో ధర్మపురి, కృష్ణగిరి ప్రాంతాల బారామహల్ ఒకటి. ఆ సీమనుంచి సాయుధులు వస్తారనే భయంతో కట్టిన హద్దు పక్కనే ఈనాడు ఆ సీమనుంచి వచ్చే రైలు ఆగుతోంది.

ఇన్ని గీతల మధ్య పైవర్గం వాళ్లు ఎలా తిరిగారు? వాళ్లు నడవలేదు, వాళ్లను మోసుకుపోయారు. 1800 ప్రాంతపు మద్రాసును వర్ణించే సంస్కృత చంపువు సర్వదేవవిలాసంలో ఇద్దరు పండితులు పట్నమంతా తిరుగుతారు. వాళ్లు తిరిగేది దాతల తోటలకూ కొలువులకూ, ఇద్దరూ కలిసి, ఆదరణ కోసం. చూడటం కోసమే తిరగడమన్నది అందులోనూ లేదు. సుప్రీంకోర్టు దుబాసీ ఏనుగుల వీరాస్వామయ్య ఇంకా బలమైన సాక్ష్యం. 1830 మే 18న మద్రాసు వదిలి 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరిన ఆయన కాశీయాత్రా చరిత్ర తెలుగులో యాత్రా రచనకు పెద్దదిక్కు. దారిపొడుగునా ఏ ఊళ్లో ఏం దొరుకుతుందో, ఏ మజిలీలో నీళ్లెలా ఉంటాయో అంత శ్రద్ధగా రాసినవాడు మరొకడు లేడు. అంతటి చూపున్న మనిషి ప్రయాణం పరివారంతో, సవారీలో, బోయీల భుజాల మీద. అది ఆయన లోపమనడం తప్పు. హోదా ఉన్నవాడు ఒంటరిగా కాలినడకన కనిపిస్తే హోదా పోయినట్లే లెక్కించిన కాలమది. అదే లెక్కకు రాతిలో, కంచులో రూపం చూడాలంటే ఐలాండ్ మైదానంలో 1839 నుంచి గుర్రమెక్కి ఉన్న థామస్ మన్రో విగ్రహం చాలు. ఈ మన్రోయే 1792 నుంచి 1799 దాకా బారామహల్‌లో అలెగ్జాండర్ రీడ్ కింద పనిచేసి, ఒక్కొక్క రైతుతో విడిగా శిస్తు ఒప్పందం చేసే పద్ధతిని నేర్చుకున్నాడు. ఊరుమ్మడిని, గుంపును దాటి ఒక్కో మనిషినీ లెక్కలోకి తీసుకోవడం ధర్మపురి పొలాల్లో పన్ను కోసం మొదలైంది. మద్రాసు వీధిలో అదే మనిషి ఏ గుంపుకూ చెందనివాడిగా నడవడానికి మరో నూరేళ్లకు పైగా పట్టింది. పాలకులకు ఒంటరి మనిషి ముందు శిస్తు చెల్లించేవాడిగా కనబడ్డాడు, స్వేచ్ఛ ఉన్నవాడిగా చాలా ఆలస్యంగా కనబడ్డాడు.

దీనికి ఒక సహజమైన అభ్యంతరం ఉంది. పల్లకీలో పోయేవాడి సంగతి సరే, దాన్ని మోసిన బోయీ నడిచాడు కదా? ఒడ్డున పడవల నుంచి సరుకు మోసినవాళ్లు, నీళ్లు తెచ్చినవాళ్లు, ఉతికిన బట్టల మూటలతో వన్నారపేట నుంచి వచ్చినవాళ్లు, కూరగాయల గంపలతో కొత్వాల్ చావడికి చేరినవాళ్లు రోజంతా నడిచినవాళ్లే కదా? నిజమే, మద్రాసును కాలినడకన అందరికంటే ఎక్కువగా ఎరిగినవాళ్లు వాళ్లే. కానీ వాళ్ల నెత్తిమీది బరువే వాళ్లకు అనుమతి పత్రం. గంప ఉన్నంతసేపు ఆ మనిషి ఎవరింటికి, ఏ దారిన, ఏ వాకిలిదాకా పోవచ్చో అందరికీ తెలుసు. గంప దించి అదే వీధిలో ఊరికే నిలబడితే ఏమవుతుందన్నదే అసలు పరీక్ష. పనిమీద నడిచే హక్కు పని చేయించుకునేవాడి అవసరం, నడిచేవాడి స్వేచ్ఛ దానికి కొలత కాదు. కాళ్లు అందరికీ ఉన్నాయి గనక నడక ఎప్పుడూ అందరిదేననడం ఈ తేడాను చెరిపేస్తుంది.

రెండో అభ్యంతరం దీనికంటే గట్టిది. 1652, 1707 తగవులు ఊరేగింపుల గురించీ, ఇళ్లు ఎక్కడ ఉండాలన్నదాని గురించీ వచ్చినవి. ఒక కోమటి తన పనిమీద ముత్యాలపేటకు పోతే ఎవరూ ఆపలేదు. మరి అది ఒంటరి నడకకు ఆంక్ష ఎలా అవుతుంది? ఈ మాట ఒప్పుకోవలసిందే. కంపెనీ ఒప్పందాలు ఒక్కొక్క బాటసారి గురించి రాసినవి కావు. అయితే వీధి ఒక గుంపుదని రాతపూర్వకంగా తేలాక అందులోకి వచ్చే అవతలివాడు అతిథిగానో, వ్యాపారిగానో, పగవాడిగానో వస్తాడు తప్ప కేవలం మనిషిగా రాలేడు. తలపాగా, బొట్టు, పంచె కట్టు అతని కులాన్ని ముందే చెప్పేస్తాయి. పైగా ఈ కుడి, ఎడమ పంపకంలో తమ మాట చెల్లని వాళ్లు, పరచేరుల్లో ఉంచబడిన దళితులు, ఒక్కొక్కరుగా కూడా ఆంక్షలు అనుభవించారు. ప్రెసిడెన్సీలో ఎన్నో ఊళ్లలో కొన్ని దార్లు వాళ్లకు మూసి ఉండేవి. 1924లో రెట్టమలై శ్రీనివాసన్ మద్రాసు శాసనమండలిలో ప్రజల రోడ్లు, బావులు, చావళ్లు అందరికీ తెరిచి ఉండాలన్న తీర్మానం తెచ్చి నెగ్గించుకున్నారు. రోడ్డు మీద నడవవచ్చని చెప్పడానికి శాసనసభలో తీర్మానం కావలసి వచ్చిందంటే, అంతకు ముందు ఆ నడక అందరిదీ కాదనడానికి వేరే రుజువు అక్కర్లేదు.

అలాగైతే వీధిని అందరిదీ చేసింది ఇంగ్లీషు పాలనే కదా అని మూడో ప్రశ్న వస్తుంది. 1688లోనే మద్రాసుకు కార్పొరేషన్ ఏర్పడింది. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో స్టీఫెన్ పోఫం అనే వకీలు పెద్దనాయకన్‌పేటకూ ముత్యాలపేటకూ నడుమ ఉన్న పల్లపు కాలువను పూడ్చి బ్రాడ్వే వేశాడు. 1880ల్లో గవర్నరు గ్రాంట్ డఫ్ మెరీనా వెంట విహారపు బాట వేయించాడు. 1895లో దేశంలోనే మొదటి విద్యుత్ ట్రామ్ ఇక్కడ నడిచింది, టిక్కెట్టు కొన్నవాడికల్లా చోటిచ్చింది. వీటి మేలును కాదనలేం. మార్పుకు నేల చదును చేసింది ఇవే. కానీ హద్దు రాళ్లు పాతినదీ ఆ పాలనే, తెల్ల పేట, నల్ల పేట అని గోడలు కట్టినదీ అదే. 1906లో యువరాజు రాక గుర్తుగా నల్ల పేటకు జార్జిటౌన్ అని పేరు మారింది గాని, ఆ పాలన దృష్టిలో వీధి తనదేనన్న సంగతి మారలేదు. జనం గుమిగూడి ఆ వీధిని తమదనగానే ఆ పాలన తుపాకీ తీసింది. రోడ్డు వేయడం ఒకటి, దాని మీద నడిచేవాడికి దాని మీద హక్కుందని ఒప్పుకోవడం మరొకటి. రెండోది ఎవరూ దానంగా ఇవ్వలేదు.

1928 ఫిబ్రవరి 3 అందుకు సాక్ష్యం. సైమన్ కమిషన్ బొంబాయిలో దిగిన ఆ రోజున మద్రాసులో హర్తాళ్ జరిగింది. హైకోర్టు దగ్గర పోలీసు కాల్పుల్లో ఒక యువకుడు చనిపోయాడు. అతని శవాన్ని చూడటానికి టంగుటూరి ప్రకాశం బయల్దేరితే సాయుధులు దారికి అడ్డం నిలిచారు, ముందుకు వస్తే కాలుస్తామన్నారు. కాల్చుకోమని ఆయన చొక్కా విప్పి ఛాతీ చూపారు. ఈ ఘట్టాన్ని మనం ధైర్యానికి ఉదాహరణగానే పిల్లలకు చెబుతాం. ఆంధ్రకేసరి అన్న పేరు ఆ చెప్పడాన్ని ఇంకా స్థిరపరిచింది. కానీ ఆ క్షణంలో ఆయన అడిగిందేమిటో చూడాలి. అది పదవి కాదు, చట్టం కాదు, ఒక వీధిలో కొన్ని అడుగులు ముందుకు వేయడం. రెండేళ్ల తర్వాత ఉప్పు సత్యాగ్రహంలో, నాయకులు అరెస్టయ్యాక, ఇరవై ఏళ్లు దాటీ దాటని దుర్గాబాయి మద్రాసులో ముందుండి నడిపి జైలుకు వెళ్లారు. ఆడది ఒక్కతె వీధిలో ఏం పని అని అడిగే ఊళ్లో ఆమె జనాన్ని వెంటేసుకుని నడిచారు. ఇప్పుడు బ్రాడ్వే అధికారిక పేరు ప్రకాశం సాలై. ఒకప్పుడు కుడిచేతి పేటనూ ఎడమచేతి పేటనూ వేరుచేసిన పల్లపు గీత మీద వేసిన రోడ్డు, దారికి అడ్డం నిలిచిన తుపాకీని లెక్కచేయని మనిషి పేరు మోస్తోంది. పేరు పెట్టినవాళ్లు ఇంత ఆలోచించి ఉండకపోవచ్చు. అయినా ఈ వాదనకు ఇంతకంటే సరిపోయే వీధి పట్నంలో మరొకటి లేదు.

తెలుగు పాఠకుడు ఈ వీధుల్లో ఇంకో లెక్క వెతకడం మామూలే. గోవిందప్ప నాయకన్ వీధి, లింగి చెట్టి వీధి అని పేర్లు చదువుకుంటూ, తంబు చెట్టి వీధిలో కాశీనాథుని నాగేశ్వరరావు ఆంధ్రపత్రిక నడిచిన చోటు చూస్తూ, పొట్టి శ్రీరాములు 1952 డిసెంబరు 15న కన్నుమూసిన మైలాపూరు ఇంటిదాకా పోయి, ఇందులో మనదెంత అని కూడుతూ పోతాడు. ఆ బాధ నిజమైనదే, 1953లో రాష్ట్రం వచ్చి పట్నం దక్కకపోవడం ఒక తరాన్ని కలచివేసింది. కానీ పట్నం ఎవరిదన్న ఆ ప్రశ్న 1707 నాటి రాళ్ల ప్రశ్నకు దగ్గరి చుట్టం. అదీ వీధిని ఒక గుంపుకు రాసివ్వమంటుంది. వీధి పేర్లు సంపన్నుల పేర్లేనని, వాటిలో బోయీలు, నేతగాళ్లు, చాకళ్లు లేరని కూడా మరచిపోకూడదు. కడత్తూరు వైపు తెలుగువాళ్లు తమిళనాట పుట్టి తమిళనాటే బతుకుతున్నవాళ్లు. మద్రాసులో వాళ్లు ఆస్తి పత్రాలు చూపనక్కర్లేదు, అతిథుల్లా ఒదిగి ఉండనక్కర్లేదు. ఆ రెండూ కాకుండా ఒక ఊళ్లో తిరిగే వీలే నేను చెబుతున్న హక్కు.

రాజ్యాంగంలోని 15వ అధికరణం రెండో ఖండం దుకాణాలు, బావులు, చెరువులు, స్నానఘట్టాలతోపాటు రోడ్లను కూడా పేరు పెట్టి చెబుతుంది. మతం, జాతి, కులం, లింగం, పుట్టిన ఊరు కారణంగా ఎవరినీ వాటినుంచి ఆపరాదంటుంది. మద్రాసు అనుభవం తెలిసినవాడికి ఆ మాట అక్కడ ఎందుకుందో విడమరచి చెప్పనక్కర్లేదు. ఇప్పుడు చివరి అభ్యంతరం మిగిలింది. కాగితం మీద హక్కు ఉన్నా పేవ్‌మెంటు లేదు కదా, ఉన్నచోట మోటారుసైకిళ్లు నిలిపారు కదా, ఆడవాళ్లకు పొద్దుగూకాక ఆ హక్కు సగమే కదా అంటారు. 2014లో చెన్నై కార్పొరేషన్ కాలినడకకు, సైకిలుకు ముందు చోటివ్వాలనే విధానం ప్రకటించింది, 2019లో పాండీ బజారులో నడిచేవాళ్లకు వెడల్పాటి బాట వచ్చింది. జార్జిటౌన్ సందుల్లో మాత్రం తోపుడుబండి, లారీ, బాటసారి ఇంకా ఒకే జానెడు చోటు కోసం తోసుకుంటున్నారు. ఈ అభ్యంతరం నా వాదనను కూల్చదు, బలపరుస్తుంది. నడక పుట్టుకతో వచ్చిన సౌకర్యమైతే అది తగ్గినప్పుడు గొణుక్కుని ఊరుకుంటాం. అది తగవులాడి, తీర్మానాలు చేసి, తుపాకీకి ఎదురునిలిచి తెచ్చుకున్నదైతే, తగ్గినప్పుడు అడగడానికి మనకు ఆధారం ఉంటుంది. తెలిసిన పట్నంలో ఒంటరిగా ఒకపూట తిరిగేవాడు చూడవలసింది గుళ్లనూ గోపురాలనూ మాత్రమే కాదు. తనను ఎవరూ ఆపని ప్రతి మలుపులోనూ ఎవరిని ఇంకా ఆపుతున్నారో, ఎవరు రాత్రి తొమ్మిది దాటాక ఇదే వీధిలో ఊరికే నిలబడలేరో లెక్క వేయాలి. ఆ జాబితాలో ఒక్క పేరు మిగిలినా, మద్రాసులో నడక చరిత్ర ముగిసిందని రాయడం తొందరపాటే.